తెర తప్ప అన్నీ చూపబడును

స్మార్ట్‌వాచీ యాప్‌లు తయారుచేసే మహానుభావులకు ముందుగా గుంటూరు పౌరుల తరఫున ఒక సాష్టాంగం. యాప్ స్టోరులో బొమ్మలు పెట్టేది యాప్ ఎలా ఉంటుందో చూపించడానికని ఇన్నాళ్లూ అనుకున్నాం. ఉత్త అమాయకులం.

మొన్న బ్రాడీపేటలో మా బాబాయి కొత్త వాచీ కొనుక్కుని, మాత్రలు గుర్తుచేసే యాప్ ఒకటి వెతికాడు. పేరెందుకు లెండి, అన్నీ ఆ తానులో ముక్కలే. మొదటి బొమ్మలో సముద్రపుటొడ్డున ఒక తెల్లదొర పరుగెడుతున్నాడు. ముప్పై రెండు పళ్లూ లెక్కపెట్టుకోవచ్చు. చేతికి వాచీ ఉంది గానీ, దాని తెర చదవాలంటే దొర ఒడ్డు దిగి మనింటికి రావాలి. రెండో బొమ్మలో దొర లేడు. వాచీ ఒక్కటే మబ్బుల్లో తేలుతోంది, అదీ పక్కకి ఒరిగి, అద్దం మీద ఎండ తళుక్కుమంటూ. ఆ తళుకు సరిగ్గా అక్షరాల మీదే పడింది. మూడోది ఫోను. నాలుగోదీ ఫోనే, కాకపోతే ఊదారంగు. ఐదో బొమ్మలో దొరసాని వచ్చి గిన్నెలో పచ్చి ఆకులు తింటోంది. ఆరోదానికి దంపతులిద్దరూ కుక్కతో సహా సోఫాలో కూర్చుని వాచీ వంక చూసి మురిసిపోతున్నారు. తెర వాళ్లకి కనపడుతోంది. మనకి పట్టీ కనపడుతోంది.

“ఒరేయ్, కాపురం బాగానే ఉంది గానీ, మాత్ర ఎక్కడరా?” అన్నాడు బాబాయి.

నియమాలు లేక కాదు. గూగుల్ వారి వేర్ ఓఎస్ సాఫ్ట్‌వేరుతో నడిచే వాచీలకు గూగుల్ ప్లే చెప్పేదేమంటే, బొమ్మ చతురస్రంగా, కనీసం 384 × 384 పిక్సెళ్లు ఉండాలి, యాప్ తెర తప్ప ఇంకేమీ ఉండకూడదు. వాచీ ఫ్రేము వద్దు, నినాదాలు వద్దు, వెనకాల అలంకారాలు వద్దు. ఆపిల్ అయితే సిరీస్ 10 వాచీకి 416 × 496 కొలత ఇచ్చి, వాడుతున్నప్పటి యాప్‌నే చూపించమంటుంది, ఊరికే లాగిన్ పేజీ పెడితే కుదరదంటుంది. ఎంత రసహీనమైన రూళ్లు! అందుకే మన కళాహృదయులు స్టోరులో వాచీ బొమ్మల వరుసలో లోగో ఒక్కటి పడేసి, కళంతా ఫోను బొమ్మల వరుసలో కుమ్మరిస్తారు.

మన మిర్చి యార్డులో ఈ బేరం సాగుతుందా? టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయలు లాగి, తుంచి, రంగు చూసిగానీ ధర చెప్పరు. పైన మేలురకం తేజా పరిచి అడుగున రంగు పోయిన తాలు కాయలు పోసినవాడినే కడిగేస్తారే, అలాంటిది టిక్కీ విప్పకుండా పక్కన నవ్వే రైతు ఫొటో పెట్టి “ఘాటు ఇక మీ చేతిలో” అని బోర్డు తగిలిస్తే ఊరుకుంటారా?

బాబాయి ఏడాది చందా కట్టాకగానీ అసలు తెర కనపడలేదు. గుండ్రటి వాచీ. మన అక్షరాలకి పైన గుడి, కింద ఒత్తు, ఒక్కో వరుసకి ఇంగ్లీషు కంటే ఎక్కువ ఎత్తు కావాలి. రెండు వరుసలు పట్టేసరికే వంపు వచ్చేసింది. తెర మీద మిగిలింది ఇది: “షుగర్ మాత్ర, భోజ...” తర్వాత మూడు చుక్కలు.

భోజనానికి ముందా? తర్వాతా? ఆ ముక్క చెప్పడానికే కదయ్యా ఆ యాప్! నవ్వులాట కాదిది. డెబ్బై ఏళ్ల మనిషి చేతికి సగం మాట కట్టి, డబ్బు మాత్రం పూర్తిగా గుంజుకుంటారా? ఆ ఒక్క తెర ముందే చూపించి ఉంటే ఆయన వద్దనుకుని ఊరుకునేవాడు. మీకది తెలుసు. తెలిసే దాచారు.

తెర బొమ్మ తీయడం బ్రహ్మవిద్యేమీ కాదు. ఆపిల్ వాచీలో అయితే సెట్టింగుల్లో అనుమతిచ్చి, పక్క బటనూ, గుండ్రంగా తిరిగే క్రౌనూ కలిపి నొక్కితే పడుతుంది. వేర్ ఓఎస్‌కి, మీరు యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలోనే కెమెరా గుర్తుంది. అక్షరాలు బాగా పెద్దవి చేసి, భాష తెలుగు పెట్టి, ఉన్నవాటిలో పొడుగాటి మందు పేరు వేసి ఒకటి తీయండి. మాత్ర వేసుకున్నాక ఎక్కడ నొక్కాలో ఇంకొకటి తీయండి. ఆ రెండూ జనానికి చూపించడానికి మొహం చెల్లకపోతే ముందు ఆ తెర బాగుచేసుకోండి. చందా సంగతి ఆనక మాట్లాడుకుందాం.