ఒట్టి నీళ్లు సరిపోవు

స్టోమా (మలం బయటికి రావడానికి ఆపరేషన్ చేసి పొట్ట మీద పెట్టే దారి) ఉన్నవాళ్లు నీళ్లు బాగా తాగితే చాలని మీ వ్యాసంలో రాశారు. కొలోస్టమీ (పెద్దపేగు నుంచి పెట్టిన దారి) ఉండి మలబద్ధకం అయితే ఆ మాట సరే. మా నాన్నగారిది ఇలియోస్టమీ, అంటే చిన్నపేగు నుంచి పెట్టిన దారి. పెద్దపేగు దాకా వెళ్లకముందే అంతా బయటికి వచ్చేస్తుంది కాబట్టి నీళ్లతో పాటు ఉప్పూ పోతుంది. మొన్న మే ఎండల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్లికి వెళ్లొచ్చాక స్టోమాకు తగిలించే సంచి గంటకోసారి నిండింది. చెంబులకొద్దీ నీళ్లు తాగారు, ఇంకా పల్చగా పోయింది, పిక్కలు పట్టేశాయి. మాకు ఎంత టెన్షనో! లీటరు నీళ్లలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి కొద్దికొద్దిగా తాగమన్నారు డాక్టరుగారు, దాంతో తేరుకున్నారు. ఇప్పుడు ఉప్పు వేసిన గంజి, మెత్తటి అన్నం, అరటిపండు పెడుతున్నాం. కొబ్బరి, మొక్కజొన్న పేగుకు అడ్డం పడొచ్చు, జాగ్రత్త. సంచిలోకి ఏమీ రాకుండా కడుపునొప్పి, వాంతులు మొదలైతే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. దయచేసి ఈ తేడా వ్యాసంలో చేర్చండి.