ఉకారం బాకీ

మా మేనల్లుడు నెల్లూరు ట్రంకు రోడ్డు పక్కన స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరినప్పటి నుంచి ఇంట్లో నోరు తెరవాలంటే టెన్షన్‌గా ఉంది. ‘వాక్‌డ్ కాదు మామా, వాక్ట్’ అంటాడు. రాసింది ‘డి’ కదరా అంటే, రాసిందంతా పలకకూడదంట. వాక్, స్టాప్, వాష్ చివర ‘ట్’. కాల్, ప్లే అయితే ‘డ్’. వాంట్, నీడ్ అయితే ‘ఇడ్’. ఇన్నేళ్లూ నేను మిస్డ్ కాల్ ఇస్తున్నాననుకున్నా. అది మిస్ట్ కాలంట! ఇంగ్లీషులో పొగమంచునీ అచ్చం అలాగే పలుకుతారు. అప్పులోళ్లు నా ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో ఇప్పుడర్థమైంది, మంచులో కనపడక.

బహువచనంలోనూ ఇదే పేచీ. క్యాట్‌కి ‘స్’, డాగ్‌కి ‘జ్’, బస్‌కి ‘ఇజ్’. సరే అన్నా. బాంబు దగ్గర మాత్రం ఎదురు తిరిగా. చివరి ‘బి’ పలక్కుండా ‘బామ్’ అని ఆపాలంట. మనం ఆ ‘బి’ని పలకడమే కాకుండా పక్కన ఉకారాన్నీ కూర్చోబెట్టాం. పేలేదానికి ఆ మాత్రం చప్పుడుండొద్దా?

అసలు దోషం ఉకారానిదేనని వాళ్ల మాస్టారి తీర్పు. అయ్యా, మనది అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష. సంస్కృతం నుంచి వచ్చిన రామః అంతటివాడికే ‘డు’ తగిలించి రాముడన్నాం. వనానికి ‘ము’, ధేనువుకి ‘వు’. డుమువులు లేనిదే గడప దాటనివ్వని ఇంట్లోకి నిన్నగాక మొన్న వచ్చిన బస్, నాకేమీ వద్దంటే కుదురుతుందా?

పైగా ఇందులో పాత బాకీ ఒకటుంది. మన ఊళ్ల పేర్లు ఇంగ్లీషులో రాసేటప్పుడు నెల్లూరు చివరి ఉకారం కోసేశారు. ఒంగోలుకీ గూడూరుకీ అదే గతి. (కావలి చివర ఇకారం ఉండబట్టి బతికిపోయింది.) ఊరికే కోశారా? నెల్లూరుకీ ఒంగోలుకీ అక్కడ పలకని ‘ఈ’ ఒకటి అతికించారు, చెవి కోసి పోగు చేతిలో పెట్టినట్టు. ఆ ఉకారాలనే మనం బస్సు మీదా కారు మీదా వసూలు చేసుకుంటున్నాం. వడ్డీ ఇంకా రావాలి.

మొన్న మావాడు ఒంగోలు పోవాల్సిన బస్సు వాడు చూస్తుండగానే కదిలింది. సంచీ భుజానేసుకుని వెంటపడ్డాడు. ‘బస్’ అని మొదలుపెట్టాడు గానీ, సకారం దగ్గర ఆపేసి ఎంత దూరం అరవగలడు? ‘బస్సూ... ఆపబ్బా!’ అన్నాడు. ఆ ఉకారం ఆరు మాత్రలైనా సాగుంటుంది. బస్సు ఆగింది.