మెక్సికో యాభై పెసోల బంగారు నాణెం మీది ‘1947’ గారికి

మహారాజశ్రీ 1947 గారికి నమస్కరించి రాయునది,

శనివారం మధ్యాహ్నం మొత్తం తమరి పుణ్యాన డాలస్‌లో ఓ నాణేల కొట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకున్నాను. ఫోన్లో “ఆ రోజు బంగారం రేటెంతుంటే అంత ఇస్తాం, తెచ్చేయండి” అన్న పెద్దమనిషే, తీరా నా వంతు వచ్చాక భూతద్దం పెట్టి తమరిని చూసి, “ఓ, నలభై ఏడా, రీస్ట్రైక్ కదా” అని పెదవి విరిచి రేటు కోసేశాడు.

రీస్ట్రైకే, అంటే పాత తేదీతోనే తర్వాత మళ్ళీ కొట్టిందే, ఎవరు కాదన్నారు? 1949 నుంచి 1972 దాకా మెక్సికో టంకశాల కొట్టిన సెంటెనారియోల్లో (ఈ యాభై పెసోల నాణేల పేరే అది) చాలావాటికి తమరినే తగిలించింది, మన పదో తరగతి సర్టిఫికెట్లో హెడ్మాస్టరు వేసిన పుట్టినతేదీలాగా. సరే, కానీ బంగారం మాటేమిటి? శుద్ధ బంగారం 37.5 గ్రాములని నాణెం మీదే స్పానిష్‌లో చెక్కి ఉందే! మొత్తం తూకం 41.67 గ్రాములు, అందులో నూటికి తొంభై పాళ్ళు బంగారం, అంటే పది గ్రాముల తులం లెక్కన పావు తక్కువ నాలుగు తులాలు. కరిగిస్తే 1931 తేదీ ఉన్న దానిలోనూ అంతే వస్తుంది. అది అరుదు కాబట్టి ఎక్కువ పలుకుతుంది, పలకనీ. నీకు ఎక్కువ ఇమ్మని నేనడగలేదయ్యా, బంగారం ధర ఇమ్మన్నాను!

ఒళ్ళు మండింది ఎక్కడంటే, అదే కొట్టు షోకేసులో నీ కవల ఇంకోటుంది, నీలం వెల్వెట్ మీద, పక్కన చిన్న చీటీతో: “పాత మెక్సికన్ బంగారం, 1947”. వాడు అమ్మితే పురాతనం, నేను అమ్మితే నిన్నమొన్నటిదా? నీ పక్కనే 1821 ఉంది చూడు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, దాన్ని ఎవడైనా ఒక్క ప్రశ్న అడిగాడా?

నీ తమ్ముళ్ళూ అంతే, తర్వాతెప్పుడో కొట్టినా ఇరవై పెసోల బంగారు నాణెం మీద 1959, రెండు పెసోల మీద 1945. 1957లో మొదలైన వెండి పెసో అయితే నూటికి పదిపాళ్ళ వెండితోనే కొట్లో వెండి నాణేల డబ్బాలో దూరి కూర్చుంటుంది. ఎనిమిది రియాళ్ళ పాత వెండి నాణేన్ని చింతపండు పెట్టి తళతళా తోమేసి, ఉన్న విలువ కాస్తా పోగొట్టి, “అన్నా, ఎంత రావచ్చు?” అని వాట్సాప్‌లో ఫొటో పంపేవాళ్ళకి వేరే ఉత్తరం రాస్తాను.

అయినా నీ నాణెం మీద ఆ రెండు అగ్నిపర్వతాల ముందు ఓ చేత్తో దండ, ఇంకో చేత్తో తెగిన గొలుసులు పట్టుకుని రెక్కలు విప్పిన ఆ దేవతను చూస్తే కోపం కాస్త దిగుతుంది, ఏం చేయను. దిగినా సరే, వాడికి మాత్రం నిన్ను అమ్మను. వచ్చే శనివారం ఇంకో కొట్టుకి పోదాం, ముందు వాళ్ళ షోకేసు అంతా చూసి చీటీలు ఫొటో తీసుకున్నాకే నిన్ను జేబులోంచి తీస్తాను.