అడుగు పైపుకు గంట పరీక్ష

నల్లగొండలో మా వీధి చివరి పెట్రోల్ బంకు ఆఫీసులో, వేంకటేశ్వరస్వామి ఫొటో కింద లామినేషన్ చేసిన కాగితం ఒకటి వేలాడుతుంది. భూమిలోని పైపులైన్లు పరీక్షించాం, లీకేజీ లేదు అని దాని సారాంశం. వంద అడుగుల దూరంలో మా బోరు నీళ్లు మూడు నెలలుగా పెట్రోలు వాసన కొడుతున్నాయి, కాగితం మాత్రం చెక్కు చెదరలేదు.

ఆ పరీక్ష నేను కళ్లారా చూశాను. స్కూటీకి గాలి కొట్టించుకుందామని పోయి ఇరుక్కున్నా. పైపుకు గేజ్ బిగించి ప్రెషర్ ఎక్కించారు. ముల్లు కాసేపు నిలబడి, మధ్యాహ్నం భోజనం తర్వాత లెక్కల క్లాసులో కూర్చున్న పిల్లాడి తలలాగా మెల్లగా వాలడం మొదలుపెట్టింది. పిల్లగాడొకడు గేజ్‌ను వేలితో కొట్టాడు, ఇంకొంచెం వాలింది. "గేజ్ పాతది సార్." ఇంకో గేజ్ తెచ్చారు, అదీ వాలింది. "ఎండ సార్, ఎండకు ప్రెషర్ దిగిపోతది." ఎండకు ప్రెషర్ పెరుగుతుందని మా సైన్స్ సార్ చెప్పిండు గానీ, పాపం ఆయన మా బంకుకు ఎన్నడూ రాలేదు.

అప్పుడు లేచాడు అందరికంటే అనుభవజ్ఞుడు. టీ గ్లాసు పక్కనపెట్టి, గేజ్ పక్కనున్న వాల్వ్ కట్టేశాడు. అంతే! ఇక గేజ్‌కు, వాల్వ్‌కు మధ్య మిగిలింది అడుగు పైపు, అదీ నేల మీద, కళ్లకు కనబడేది. ముల్లు జెండా వందనంలో పోలీసులాగా నిలబడిపోయింది. గంటసేపు దాన్ని చూస్తూ అందరూ మిర్చి బజ్జీలు తిన్నారు. అడుగు పైపు పాసైంది, దాని పుణ్యాన భూమిలో ఉన్నదంతా పాసైంది.

పంపు కాడి అబ్బాయి మాత్రం నిజాయితీగా చెప్పాడు. "ఇంతకుముందు మెషిన్ల మోటరే పెట్రోల్ గుంజుతుండె అన్నా, ఇప్పుడు ట్యాంకులనే మోటర్ దించిన్రు, అది తోస్తది." ఇంజినీర్లు చెప్పాల్సింది వాడే చెప్పేశాడు. గుంజే పైపుకు చిల్లు పడితే గాలి లోపలికి దూరుతుంది, మెషిన్ గొణుగుతుంది, తెలిసిపోతుంది. తోసే పైపుకు చిల్లు పడితే పెట్రోలు చప్పుడు లేకుండా మట్టిలోకి పోతుంది. అందుకే అమెరికావాళ్లు 1988లోనే ఇలాంటి పైపులకు రూలు రాసుకున్నారు. మామూలు ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు ఎక్కించే ఏటా పరీక్షలో గంటకు 0.1 గ్యాలన్, అంటే 380 మిల్లీలీటర్ల కారడం కూడా పట్టుబడాలి. చిన్న చిల్లే కదా అంటారా? రోజుకు 9 లీటర్లు, ఏడాదికి 3 వేల పైచిలుకు. మనమేమో 5 లీటర్ల క్యాన్ తెప్పించి, 25 మిల్లీలీటర్లు తగ్గిందని బంకులో గల్లా పట్టుకుంటాం. కనబడే పెట్రోలుకు అంత పౌరుషం మరి.

మనకూ పెట్రోలియం రూల్స్ 2002 ఉన్నాయి, పెట్రోలు, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ పెసోకు నాగ్‌పూర్‌లో హెడ్డాఫీసు ఉంది, 2020లో కాలుష్య నియంత్రణ మండలి రాసిన మార్గదర్శకాలూ ఉన్నాయి. కాగితాలకేం తక్కువ? వాల్వ్ కట్టేవాడి చెయ్యి పట్టుకునేవాడే లేడు.

నవ్వుతూ రాద్దామనే కూర్చున్నా గానీ నావల్ల కావట్లేదు. పెట్రోలు నీళ్ల మీద తేలుతుంది, అందులోని బెంజీన్ నీళ్లలో కరుగుతుంది, అది క్యాన్సర్ తెచ్చే సరుకు. ఈ జిల్లాలో భూమిలోంచి వచ్చిన నీళ్లు తాగి మర్రిగూడ, మునుగోడు దిక్కు నడుములు వంగిపోయినయ్, చిన్న పిల్లలకు కాళ్లు వంకర పోయినయ్. ఫ్లోరైడ్ రాళ్లలోంచి వచ్చింది, రాళ్లనేం తిడతాం? ఈ పైపుకు ఓనరున్నాడు, లైసెన్సుంది, కాగితం మీద సంతకం పెట్టినోడున్నాడు. నల్లాకు కృష్ణా నీళ్లొస్తున్నాయి కదా, బోరుతో మీకేం పని అని నన్నే అడుగుతున్నారు! రేపు నల్లా బందైతే మా అవ్వ బట్టలుతికేది, బర్రెకు తాపేది ఏ నీళ్లు?

మొన్న ఆ బోరు నీళ్లు సీసాలో పట్టుకుపోయి మేనేజర్ బల్ల మీద పెట్టాను. ఆయన తాపీగా మూత తీశాడు, వాసన చూశాడు, కాసేపు ఆలోచించాడు.

"డీజిల్ కాదన్నా, పెట్రోలే."