మహారాజశ్రీ 24 మిల్లీమీటర్ల లెన్సు గారికి

శ్రీకాకుళం నుంచి తమరి ఫొటోగ్రాఫరు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. తమరు తీసిన ఫొటోల్లో మధ్యన నిలబడ్డవాళ్లూ క్షేమమే. అంచున నిలబడ్డవాళ్ల గురించే ఈ ఉత్తరం.

నరసన్నపేట పెళ్లి గుర్తుందా? చిన్న పెంకుటిల్లు, ఇరుకు వాకిలి. వెనక్కి జరుగుదామంటే నూతి గట్టు. అంత చోటులోనూ తమరి వెడల్పాటి చూపుతో పాతికమందిని ఒక్క ఫ్రేములో పట్టించారు, కాదనను. కానీ కుడి చివర నిలబడ్డ పెళ్లికొడుకు మేనత్త ఆల్బం చంకన పెట్టుకుని స్టూడియోకి వచ్చేసింది. "ఏటి బావూ, సీర నాదే. మడిసిని మాత్రం నాను కాదు."

ఏం చెప్పను ఆవిడకి? తిన్నని గీతని తిన్నగానే చూపిస్తానని తమరు ఒట్టు పెట్టుకున్నారు. కెమెరాలో బొమ్మ పడే బల్లపరుపు సెన్సారు మీద లోకాన్ని పరుస్తూ ఆ మాట నిలబెట్టుకోవాలంటే అంచుల్ని సాగదీయక తప్పదు. ఫుల్‌ఫ్రేమ్ అనే పెద్ద సెన్సారు కెమెరాలో పక్క చివరికొచ్చిన గుండ్రటి తలకాయ ఎత్తు కంటే వెడల్పు దాదాపు 1.25 రెట్లు అవుతుంది. దేవుడిచ్చిన మొహానికి తమరి కొసరు పావు వంతు. పోనీ ఫిష్‌ఐ లెన్సు పెడదామంటే, తల గుండ్రంగానే ఉంటుంది గానీ పందిరి రాటలు విల్లులా వంగుతాయి. అత్త కావాలా, రాట కావాలా అని పెళ్లివారిని అడగ్గలనా?

ఆ ఒట్టయినా పూర్తిగా నిలబెట్టుకున్నారా అంటే, అదీ లేదు. అంచు రాటలు పీపా చెక్కల్లా బయటికి ఉబ్బాయి. రాత్రంతా కంప్యూటరు ముందు కూర్చుని వాటిని నిటారు చేశాను. చేసేసరికి అత్త ఇంకో వేలెడు సాగింది!

ఇక పెళ్లికూతురి తండ్రి. "ఎనకంతా మసగ్గా రావాల బావూ, సినిమాల్లో లాగ." మసక రావాలంటే అపర్చర్, అంటే లెన్సులో వెలుగు దూరే కంత, పెద్దదై ఉండాలి. తమరు ఎఫ్ 2.8 దగ్గర కళ్లు పూర్తిగా తెరిచినా ఆ గుండ్రం అడ్డంగా దాదాపు 8.6 మిల్లీమీటర్లే. నేను అద్దెకు తెచ్చే 85 మిల్లీమీటర్ల ఎఫ్ 1.4 లెన్సుది దాదాపు 61. అందుకే పెళ్లికూతురి భుజం వెనక గ్యాసు బండా, కుర్చీల దొంతరా, బూందీ నములుతున్న బావమరిదీ, అన్నీ స్పష్టంగా వచ్చాయి. చిన్నగా వచ్చాయి, నిజమే. కానీ బండ మీద కంపెనీ పేరు చదవొచ్చు.

పైడితల్లి జాతరకి ముందు రోజు, తొలేళ్ల రాత్రి, తమరిని విజయనగరం తీసుకెళ్లాను. పైడితల్లి గుడి దగ్గర మధ్యనున్న దీపాలు దీపాల్లాగే వచ్చాయి. మూలల్లో మాత్రం ఒక్కో బల్బుకీ రెండేసి రెక్కలు, పావురాలు లేచినట్టు. ఆ జబ్బుని కోమా అంటారు. ఆల్బం గొడవల తర్వాత అది నాకు రావలసింది, తమరికొచ్చింది. 1857లో సైడెల్ అనే జర్మన్ గణితవేత్త తమరి వంశానికి ఐదు జబ్బులని లెక్క తేల్చాడు. మావిడాకుల తోరణానికి ఊదారంగు అంచు కుట్టే రోగం ఆ ఐదింట్లో లేదు, అది అదనం. మందు లేకపోలేదు. ఎఫ్ 8కి కన్ను చికిలిస్తే రెక్కలు ముడుచుకుంటాయి. మూలల్లో ఊదా అంచు, రాటల వంపు మాత్రం కదలవు. ఉన్న కాస్త మసకా పోతుంది.

మర్నాడు సిరిమాను ఊరేగింపు తీసినప్పుడు మేడలన్నీ వెనక్కి వాలాయి. అది తమరి మీదకి నెట్టను. కెమెరా పైకెత్తి పట్టింది నేనే.

వచ్చే బుధవారం అదే ఇంట్లో ఇంకో పెళ్లి. మేనత్త ఈసారి నడిమధ్యన కూర్చుంటానని ముందే కబురంపింది. కుడి చివర ఎవరిని నిలబెట్టాలో నేనూ తేల్చుకున్నాను: పాత ఆల్బం డబ్బులు సగం ఇంకా ఇవ్వని పెళ్లికొడుకు తండ్రిని. ఆ ఒక్క ఫొటోకి రాటలు కూడా శ్రద్ధగా సరిచేస్తాను.

ఇట్లు,
తమరి బరువు మెడలో మోసేవాడు