ఏపీ 26 నంబరు ప్లేటు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఏపీ 26 నంబరు ప్లేటు గారి సముఖమునకు, ఉద్యోగం పేరుతో నెల్లూరు వదిలి బెంగళూరు పోతున్న బైకుల వాళ్లందరం కలిసి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు వెనక మడ్‌గార్డు మీద రెండు బోల్టులతో క్షేమంగా ఉన్నారని తలుస్తాం. అందులో ఒకటి ఎప్పుడో రాలిపోయిందని తెలుసు. ఉత్తరం మర్యాద కోసం రెండని రాశాం.

సంగతేమంటే, ఎవరికి ఉద్యోగం వచ్చినా ఇంట్లో ఆవకాయ ఎన్ని డబ్బాలు పెట్టాలని చర్చ, వీధిలో టైర్లు మార్చాలా వద్దా అని చర్చ. తమరి ఊసు ఎవరూ ఎత్తరు. నూట ముప్పై కిలోల బండి బెంగళూరు చేరడానికి ఒక పగలు చాలు. చేత్తో వంచితే వంగే రేకుముక్క తమరు, తమరు చేరడానికి నెలలు. 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ఏమంటుందంటే, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. అంటే ఏడాది పాటు తమరు అతిథి. ఆ తర్వాత కాపురం పెట్టిన అల్లుడు.

ఆ ఏడాది ఏ రోజున మొదలైందో రుజువు చేసుకోవాల్సింది మాత్రం మేమే. వెంకటాచలం, బూదనం టోల్‌గేట్ల దగ్గర కార్ల వాళ్లు డబ్బు కడతారు, లెక్క ఎక్కడో ఓ చోట నమోదవుతుంది. జాతీయ రహదారి మీద బైకుకి టోల్ లేదు. పక్క సందులోంచి దర్జాగా దూరిపోతాం. ఆ దర్జా ఖరీదు ఆర్నెల్ల తర్వాత బెంగళూరు సిగ్నల్ దగ్గర తెలుస్తుంది. వచ్చి ఎన్నాళ్లయిందని అడిగితే చూపించడానికి కాగితం ముక్క ఉండదు. పన్ను విషయంలో రాష్ట్రానికో లెక్క, చట్టంలో ఉన్న 12 నెలలు ఒక్కటే చూపించి తప్పించుకోవడం కుదరదు. అందుకని చిత్తూరులోనో ముళబాగిలులోనో పెట్రోలు కొట్టించి, తేదీ పడ్డ బిల్లు అడిగి తీసుకోవాలి. తీసుకున్న వెంటనే ఫోటో కొట్టాలి, ఎందుకంటే ఆ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకే ఎగిరిపోతాయి. రైల్లో వేస్తే పార్సిల్ రసీదు దాచుకోవాలి. జాయినింగ్ లెటర్ ఎలాగూ ఉంటుంది.

అసలు తమర్ని మార్చాలా అన్నది మొదటి ప్రశ్న. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చాక తమ వంశం అక్కడితో ఆగింది. ఒంగోలు వాళ్ల ఏపీ 27 గారిదీ అదే గతి. కాబట్టి తమర్ని తగిలించుకున్న బండి పడుచుది కాదని దూరం నుంచే చెప్పొచ్చు. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. అందులో పదేళ్లు నిండిపోయి ఉంటే మార్చడం దండగని మా అభిప్రాయం. మిగిలిన నాలుగైదేళ్ల కోసం కర్ణాటక పన్ను, తనిఖీ, కొత్త ప్లేటు, రెండు ఊళ్ల మధ్య తిరగడానికి పెట్టే సెలవులు, ఇవన్నీ కలిపితే బండి ధరకు దగ్గరికొస్తాయి. దాన్ని తమ్ముడికిచ్చి, అక్కడ కేఏ నంబరు బండి సెకండ్‌హ్యాండ్‌లో చూసుకోవడం మేలు. ఇవ్వడమంటే తాళంచెవి చేతిలో పెట్టడం కాదండోయ్. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలయ్యి ఆర్సీ వాడి పేరుకు మారాలి. లేకపోతే వాడు మాగుంట లేఅవుట్‌లో ముగ్గుర్నెక్కించుకుని తిరిగినప్పుడల్లా చలానా మెసేజ్ బెంగళూరులో మోగుతుంది.

ఏడాదిలోపు తిరిగొచ్చే కాంట్రాక్టు ఉద్యోగమైతే తమరి జోలికే పోనక్కర్లేదు. నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీ వాళ్లకి రాష్ట్రం మారినా మార్చనక్కర్లేని నంబరు, 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ ఉంది. వాళ్లు ఈ ఉత్తరం చదవకపోయినా ఫర్వాలేదు.

మిగిలిన వాళ్లు మాత్రం బండి సర్వీసింగ్ కన్నా ముందు బ్యాంకుకు పోవాలి. వాయిదాలు అయిపోయి ఏళ్లయినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే కూర్చుని ఉంటుంది. అది పోవాలంటే బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, ఫారం 35 రెండూ కావాలి. అప్పు ఇంకా నడుస్తుంటే బండి రాష్ట్రం దాటడానికి బ్యాంకు ఒప్పుకోలు కాగితం కావాలి. ఆ పని బెంగళూరు నుంచి ఫోన్లో తెమలదు. అప్పిచ్చిన బ్రాంచి మెట్లెక్కాల్సిందే. ఆ తర్వాత పాత చలానాలన్నీ కట్టెయ్యాలి, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువులో ఉన్నాయో లేదో చూసుకోవాలి. అప్పుడు ఫారం 28, అంటే బండి వేరే రాష్ట్రానికి పోవడానికి నెల్లూరు రవాణా ఆఫీసు ఇచ్చే ఎన్‌ఓసీకి దరఖాస్తు.

దాంట్లో చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు అతికించే చోటు ఒకటుంటుంది. దరఖాస్తులు వెనక్కొచ్చేది చాలావరకు ఇక్కడే, కాబట్టి కాస్త ఆగి చెప్పుకోవాలి. చాలా బైకులకు ఆ నంబరు హ్యాండిల్ కింద మెడగొట్టం మీద గుద్ది ఉంటుంది. హ్యాండిల్ ఓ పక్కకి పూర్తిగా తిప్పి, వైర్లు తప్పించి, టార్చి కొడితే కనపడుతుంది. కనపడేది నంబరు కాదు, ఇన్నేళ్ల గ్రీజూ దుమ్మూ కలిసి పట్టిన పొర. దాన్ని కిరోసిన్ గుడ్డతో నానబెట్టి తుడవాలి. ఉప్పుకాగితం పెట్టి గీకారా, అంకెల లోతు పోతుంది. పైగా నంబరు దిద్దారేమోనని అనుమానం కూడా పుడుతుంది. తుడిచిన చోట పూర్తిగా ఆరనిచ్చి, పల్చటి తెల్లకాగితం పెట్టి రెండు కొసలకీ టేపు వేసి, మెత్తటి పెన్సిల్‌ని పడుకోబెట్టి ఒకే దిక్కుగా రుద్దాలి. ముందుకీ వెనక్కీ రుద్దితే కాగితం జరిగి 3 కాస్తా 8లా పడుతుంది. మొత్తం 17 గుర్తులు రావాలి. ఆ నంబర్లలో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడరు కాబట్టి గుండ్రంగా కనపడేది సున్నాయే. ఆర్సీలో ఉన్నదానితో ఒక్కో అంకె సరిచూసుకోవాలి. దరఖాస్తు ప్రతులకు, బెంగళూరులో పనికి, చిరిగిపోయే వాటికి కలిపి అరడజను ప్రింట్లు ఒకేసారి తీసి పెట్టుకుంటే మళ్లీ కిరోసిన్ చేతులు కడుక్కునే పని ఉండదు.

ఫారం 28 మీద ఇంకో మెలిక, బండి ఏ రవాణా ఆఫీసు పరిధికి పోతుందో రాయాలి. బెంగళూరు అంటే ఒక్క ఊరు కాదు, పేటకో ఆఫీసు, ఆఫీసుకో కేఏ నంబరు. కోరమంగల 01, ఇందిరానగర్ 03, జయనగర్ 05, ఎలక్ట్రానిక్ సిటీ 51, కేఆర్ పురం 53. వెళ్లిన మొదటి నెల మనవాడు మారతహళ్లి పీజీ హాస్టల్లో ఉంటాడు. సాంబారు నచ్చక రెండో నెల బీటీఎం లేఅవుట్. మూడో నెల నలుగురు నెల్లూరోళ్లు కలిసి ఇంకెక్కడో ఇల్లు తీసుకుంటారు. మొదటి నెల అడ్రసు మీద ఎన్‌ఓసీ తీసుకున్నవాడు దాన్ని రద్దు చేయించుకుని మళ్లీ మొదలెట్టాలి. పైగా పీజీ ఓనరు నెలసరి రసీదే సరిగా ఇవ్వడు, అడ్రసు రుజువేమిస్తాడు? కాబట్టి ముందు ఇల్లు కుదరాలి, అద్దె అగ్రిమెంటు చేతికి రావాలి, అప్పుడే నెల్లూరులో దరఖాస్తు. చేతిలో ఏడాది ఉండగా మొదటి వారమే తమర్ని పీకడానికి పరుగెత్తేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

దరఖాస్తు ఇచ్చాక 30 రోజుల్లో ఎన్‌ఓసీ ఇవ్వం అని కబురు చెయ్యకపోతే ఇచ్చినట్టే లెక్క అని 48వ సెక్షన్ చెబుతుంది. వినడానికి బో బాగుంది. ముప్పై ఒకటో రోజున ఆ లెక్కను జేబులో పెట్టుకుని కేఆర్ పురం కౌంటరు దగ్గర నిలబడ్డవాడిని కాగితం ఏదీ అంటారు. చట్టం ఇచ్చేసింది సార్ అంటే వెనక క్యూలో వాళ్లు నవ్వుతారు. ఫైలు ఎక్కడాగిందో కనుక్కుని కదిలించుకోవడమే దారి.

ఇక ప్రయాణం. రోడ్డున పోతే నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి, చిత్తూరు, పలమనేరు, కోలారు మీదుగా దాదాపు 380 కిలోమీటర్లు. తెల్లారుజామున బయల్దేరితే ఎండెక్కే లోపు తిరుపతి దాటొచ్చు. సామానుంటుంది కాబట్టి వెనక టైరులో గాలి పెంచాలి. 125, 150 సీసీ బండ్లకు సామాన్యంగా ఒక్కరికి 28 పెడితే బరువుకు 32 దాకా. కచ్చితమైన అంకె చైను కవరు మీద స్టిక్కరులోనో మాన్యువల్‌లోనో ఉంటుంది. చైను బిగుతు సామాను కట్టాక, బరువు మీద కూడా చూడాలి. ఖాళీ బండి మీద మరీ బిగించిన చైను బరువెక్కగానే బిర్రబిగుసుకుని స్ప్రాకెట్ పళ్లు తినేస్తుంది. బంగారుపాళెం దాటాక మొగిలి ఘాట్‌లో మనం ఎక్కేవాళ్లం. దిగే లారీల్లో బ్రేకులు వేడెక్కినవి ఉంటాయి కాబట్టి మన వరస వదలకూడదు. ఈ దారంతా తమరి పాత్ర ఒకటుంది: బ్యాగు కట్టే సాగుతాడు కొక్కేన్ని ఎక్కడ తగిలించాలో తోచక తమరి చెవికి తగిలిస్తారు. శ్రీకాళహస్తి గతుకుల దగ్గరికే బోల్టు రంధ్రం చీలుతుంది. కొక్కెం గ్రాబ్‌రెయిల్‌కి తగిలించాలి, బ్యాగు తమర్నీ వెనక లైటునీ కప్పకూడదు. సైలెన్సరు వైపు సంచికి జానెడు ఎడం ఉండాలి.

ఇంకోటి, బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. తమ కాలపు బండ్లకు ఎక్కువగా కార్బురేటరే కాబట్టి, నెల్లూరు గాలికి సరిచేసిన బండి అక్కడ గాలి పల్చబడి కొంచెం ఎక్కువ పెట్రోలు తాగుతుంది, ఊపు కాస్త తగ్గుతుంది. ఇంజను పోయిందని హైరానా పడొద్దు. మెకానిక్ కార్బురేటరు స్క్రూ రవ్వంత తిప్పితే సరిపోతుంది. లోపల పెట్రోలు కొలిచి వదిలే జెట్ మార్చాలని ఎవరైనా అంటే వేరే షాపు చూసుకోవాలి.

రైల్లో అయితే పార్సిల్ ఆఫీసుకి ఆర్సీ జిరాక్సు, గుర్తింపు కార్డు తీసుకుని రిజర్వు పెట్రోలుతోనే పోవాలి. అక్కడ బండి అప్పగించేటప్పుడు ట్యాంకులో చుక్క ఉండకూడదు. పెట్రోలుతో దొరికితే రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద జరిమానా, జైలు రెండూ రాసి ఉన్నాయి. పెట్రోలు ట్యాపు కింది గొట్టం పీకి క్యానులోకి వదలాలి, నాబ్ రిజర్వులో పెట్టాలి. చాలామంది అంతటితో అయిపోయిందనుకుంటారు. కార్బురేటరు అడుగున గిన్నెలో ఇంకా ఉంటుంది, దాని డ్రెయిన్ స్క్రూ కూడా వదలాలి, లేకపోతే వాసన పట్టేస్తారు. అద్దాలు విప్పి బ్యాగులో వేసుకోవాలి. కొన్ని బండ్లకు కుడి అద్దం మర తిరగేసి ఉంటుంది, బలవంతం చేస్తే లివర్ హోల్డరు విరుగుతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి, బండి న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండిల్ లాక్ వెయ్యకూడదు. లాక్ వేస్తే పోర్టర్లు ఎత్తి విసురుతారు, వాళ్ల తప్పు కాదు. గోనెసంచి కిందే దుప్పటి, అట్ట చుట్టించాలి, ముఖ్యంగా ట్యాంకుకీ హెడ్‌లైటుకీ. బెంగళూరు వైపు రైళ్లు నెల్లూరులో ఆగేది కొద్ది నిమిషాలే, ఆ రోజు ఎక్కకపోతే మర్నాడు. బండి విలువ రాయించి అదనపు రుసుం కట్టకపోతే, ఏదన్నా అయితే పరిహారం బరువు లెక్కన వస్తుంది. నూట ముప్పై కిలోల ఇనుముకి వచ్చేదెంతో ఊహించుకోవచ్చు. దింపాక ఆలస్యం చేస్తే గంటల లెక్కన రుసుం వసూలు చేస్తారు.

అక్కడికి చేరి, ఎన్‌ఓసీ వచ్చాక కొత్త నంబరుకి దరఖాస్తు ఫారం 27. దానితో పాటు ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్, అద్దె అగ్రిమెంటు, బండి కొన్ననాటి ఇన్‌వాయిస్. ఈ ఆఖరుది ఎవరి దగ్గరా ఉండదు. పన్ను లెక్క కట్టేది బండి మొదటి ధర, వయసు చూసి కాబట్టి అది కావాల్సిందే. షోరూం వాళ్లని నెల్లూరులో ఉండగానే నకలు అడగాలి. బండిని చూపించి, పన్ను కట్టి, కొత్త నంబరు వచ్చాక తమర్ని విప్పుతారు. హై సెక్యూరిటీ ప్లేటు తాళం బోల్టు స్క్రూడ్రైవరుకి రాదు, తెగ్గొట్టాలి. తమరి మడ్‌గార్డు బీటలిచ్చి ఉంటే ముందు అది మార్పించాలి.

నంబరు మారగానే ఇన్సూరెన్సు కంపెనీకి రాసి పాలసీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. మర్చిపోయినవాడు క్లెయిము రోజున గుర్తుచేసుకుంటాడు. బీమా లెక్కలో బెంగళూరు పెద్ద నగరాల జోన్ ఏ కాబట్టి సొంత డ్యామేజీ ప్రీమియం నెల్లూరు కంటే కాస్త పెరుగుతుంది. ఆ తర్వాత కేఏ ఆర్సీ, పన్ను రసీదు నకళ్లు పట్టుకుని నెల్లూరులో కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన భాగం వాపసుకి దరఖాస్తు పెట్టాలి. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు పెట్టుకోవచ్చులే అనుకుంటే ఆఫీసుకీ అప్పుడే సెలవులు.

ఇట్లు,
తమ పైన కూర్చుని తిరిగేవాళ్లు

తా.క.: తమ్ముడు ఏపీ 39 గారికి విడిగా రాయడం లేదు. ఇందులో కాగితాల సంగతంతా వారికీ అంతే. కాకపోతే 2020 తర్వాతి బండ్లకు ఎక్కువగా కార్బురేటరు బదులు ఫ్యూయల్ ఇంజెక్షనే, ట్యాపు ఉండదు. రైలెక్కించేటప్పుడు పెట్రోలు ట్యాంకు మూతలోంచి గొట్టం వేసి తోడాలి. ఖాళీ అయ్యేదాకా ఇంజను నడిపి ఆర్పేస్తే చాలనుకోవద్దని చెప్పండి. ట్యాంకులో ఉండే పంపు పెట్రోలుతోనే చల్లబడుతుంది, పెట్రోలు లేకుండా తిరిగితే కాలిపోతుంది. కొత్త పంపు ఖరీదు వింటే బండి రైల్లో వేసిన ఖర్చు గుర్తుండదు.