ట్రాక్ నున్నగా చేసి గెలిస్తే ఎవరికి లాభం?

బ్రిటన్‌లో స్పీడ్‌వే, అంటే మట్టి ట్రాక్ మీద జరిగే బైకు రేసుల అభిమానుల మధ్య ఎప్పటినుంచో తెగని గొడవ ఒకటుంది, మన టీమ్ గెలిస్తే చాలా, లేక రేసులు కూడా చూడ్డానికి బాగుండాలా అని. రెండూ కావాలనే అంటారు అందరూ, కానీ మ్యాచ్ రోజు మధ్యాహ్నం ట్రాక్ మీద నీళ్లు ఎంత కొట్టించాలి అని క్లబ్ నడిపే ప్రమోటర్ ఆలోచించేటప్పుడు చాలాసార్లు ఏదో ఒకటే తేల్చుకోవాల్సి వస్తుంది. మా మాట సూటిగా చెప్పేస్తున్నాం, ముందు రేసు బాగుండాలి, గెలవాలనుకునేవాళ్లు ఆ రేసులోనే గెలవాలి.

ఈ ఆట మన దగ్గర తెలిసినవాళ్లు తక్కువ కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. 500 సీసీ బైకు, మిథనాల్‌తో నడుస్తుంది, బ్రేకులు ఉండవు, గేరు ఒకటే. నలుగురు రైడర్లు, నాలుగు ల్యాపులు, అంతా కలిపి నిమిషం సేపు. ఫస్ట్ వస్తే 3 పాయింట్లు, తర్వాత 2, 1, చివరివాడికి సున్నా. టీమ్‌కి ఇద్దరు చొప్పున దిగుతారు, అలాంటి రేసులు, వాటినే హీట్లు అంటారు, ఒక మ్యాచ్‌లో 15. 1928 ఫిబ్రవరి 19న లండన్ పక్కన ఎపింగ్ అడవిలో హై బీచ్ అనే చోట జరిగిన మీటింగ్‌తో బ్రిటన్‌లో ఇది ఊపందుకుంది, 1981లో వెంబ్లీలో ప్రపంచ ఫైనల్ చూడ్డానికి 90 వేలమందికి పైగా వచ్చారు. ఇప్పుడు లీగ్ మ్యాచ్‌లకి వచ్చే జనానికీ ఆ రోజులకీ పోలికే లేదు.

అసలు సంగతి అంతా మట్టిలో ఉంది. ట్రాక్ మీద పరిచేది షేల్, రాయిని పొడి చేసిన మట్టి. అది తగినంత తడిగా, కాస్త వదులుగా ఉండి బయటి వైపు కూడా మందంగా ఉంటే వెనకపడ్డ రైడర్ కంచె దగ్గరిదాకా వెళ్లి, అక్కడ టైరుకి పట్టు దొరకబుచ్చుకుని, ఫుల్ థ్రాటిల్‌తో చుట్టూ తిరిగొచ్చి ముందున్నవాణ్ణి దాటేస్తాడు, నాలుగో ల్యాపు ఆఖరి మలుపులో అలా దాటితే స్టాండ్స్‌లో కూర్చునేవాళ్లుండరు. అదే షేల్ గీకేసి, నీళ్లు తగ్గించి, నున్నగా చేశారనుకోండి, లోపలి గీత ఒక్కటే పనికొస్తుంది, స్టార్ట్ దగ్గర అడ్డంగా కట్టిన టేపు లేవగానే ముందు దూకి మొదటి మలుపు పట్టినవాడిదే రేసు, మిగతా ముగ్గురూ వరసగా వెనకాల తిరిగి రావడమే.

అలాంటి ట్రాక్ మీద ఏ గేటు, అంటే స్టార్ట్‌లో ఏ స్థానం నుంచి బయల్దేరితే బాగుంటుందో, ఎక్కడ క్లచ్ వదలాలో రోజూ అక్కడే తిరిగే హోమ్ రైడర్లకి బాగా తెలుసు, బయటినుంచి వచ్చినవాళ్లు తెలుసుకునేలోపు సగం మ్యాచ్ అయిపోతుంది. 14 హీట్లు అయ్యేసరికి స్కోరు 49-35 అనుకోండి, ఇంకో హీటు మిగిలినా ఫలితం మారదు. హోమ్ టీమ్ గెలిచింది, లీగ్ పాయింట్లు వచ్చాయి, రూలు తప్పిందీ లేదు. కానీ టికెట్ కొని పిల్లల్ని వెంటబెట్టుకొచ్చినాయన ఆ సాయంత్రం మొత్తంలో ఓవర్‌టేక్ ఎన్ని చూశాడు? అది మన వేళ్ల మీద లెక్కపెట్టుకునే పరిస్థితి అయితే వచ్చే వారం ఆ కుటుంబం మళ్లీ వస్తుందని ఎందుకు అనుకోవాలి?

గెలుపు ముఖ్యం కాదని మేము అనట్లేదు. గెలవాలనే కసి లేని రేసు ప్రదర్శన అవుతుంది గానీ పోటీ అవదు. ఇవాన్ మాగర్ ఆరుసార్లు ప్రపంచ చాంపియన్, టేపు దగ్గర ఆయనంత పక్కాగా బయల్దేరేవాళ్లు అరుదు, ముందుకెళ్లాక ఇక పట్టుకోవడం కష్టం, 1970, 71, 72 మూడేళ్లూ మాంచెస్టర్ టీమ్ బెల్ వ్యూ లీగ్ గెలవడానికి ఆయనే వెన్నెముక. అదే టీమ్‌లో ఎదిగిన పీటర్ కాలిన్స్ వెనకనుంచి బయటి గీత పట్టుకుని దూసుకొచ్చే రకం, ఆయన కూడా 1976లో ప్రపంచ చాంపియనే. ఇద్దరికీ చోటిచ్చిన ట్రాక్ అది, బెల్ వ్యూ పాత ట్రాక్ హైడ్ రోడ్. ఇప్పుడు కావాల్సింది అలాంటి చోటే, మాగర్ లాంటివాళ్లకి మాత్రమే పనికొచ్చే ట్రాక్ కట్టి ఇదే మా బలం అనుకుంటే ఎట్లా?

బెల్ వ్యూ కథే ఇంకొంచెం ముందుకి తీసుకెళ్తే మా వాదనకి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. 1987లో హైడ్ రోడ్ పోయింది, ఆ తర్వాత చాలా ఏళ్లు గ్రేహౌండ్ కుక్కల పందేల స్టేడియంలో నెట్టుకొచ్చారు, 2016లో నేషనల్ స్పీడ్‌వే స్టేడియం కట్టారు, మొదటి రోజే ట్రాక్ సరిగ్గా లేదని మీటింగ్ ఆపేయాల్సి వచ్చింది, పెద్ద అవమానం. అయినా ట్రాక్‌ని బాగుచేసుకుని ఇప్పుడు బ్రిటన్‌లో ఓవర్‌టేకింగ్‌కి అదే పేరుమోసిన చోటుగా నిలబెట్టారు. వెడల్పాటి ట్రాక్ కాబట్టి బయటి టీములు కూడా అక్కడ సంతోషంగా రేస్ చేస్తాయి, అంటే హోమ్ అడ్వాంటేజ్ కొంత వదులుకున్నట్టే. మరి నష్టపోయారా? 1993 తర్వాత చేతికి రాని లీగ్ టైటిల్ 2022లో వచ్చింది, 2024లో మళ్లీ వచ్చింది. 2021లో, 2024లో దేశాల టీముల పోటీ స్పీడ్‌వే ఆఫ్ నేషన్స్‌ని బ్రిటన్ గెలిచింది కూడా అక్కడే.

ఇంకోవైపు చూడండి. 2019 లీగ్ చాంపియన్ స్విండన్, ఆ తర్వాత ఆ క్లబ్ మళ్లీ రేస్ చేయనేలేదు. 2021 చాంపియన్ పీటర్‌బరో, 2023తో ఆ ట్రాక్ మూతపడింది. 2016లో గెలిచిన వుల్వర్‌హాంప్టన్‌కీ 2023తోనే ఇల్లు పోయింది. వీటికి కోవిడ్, స్టేడియం యజమానుల నిర్ణయాలు, భూమి మీద వేరే ప్లాన్లు ఇలా కారణాలు వేరే ఉన్నాయి, ట్రాక్ నున్నగా ఉండటం వల్ల మూతపడ్డాయని మేము చెప్పట్లేదు. కప్పు ఒక్కటే ఎవర్నీ కాపాడలేదు అంటున్నాం, అంతే. వారం వారం స్టాండ్స్ నిండుతుంటే కౌన్సిల్ ముందైనా ఓనర్ ముందైనా గట్టిగా మాట్లాడొచ్చు, ఖాళీగా ఉంటే ఆ మాట ఎవరు వింటారు.

రూల్స్ కూడా ఈ బ్యాలెన్స్ కోసం పెట్టుకున్నవే. ఒక్కో రైడర్‌కి నాలుగు రైడ్లకి వచ్చే పాయింట్ల లెక్కన ఒక ఆవరేజ్ ఉంటుంది, ఏడుగురి ఆవరేజ్‌లూ కలిపితే ఇంత దాటకూడదని పరిమితి, ఆ అంకె సీజన్‌ని బట్టి మారుతుంటుంది. టీమ్ బాగా గెలిస్తే ఆవరేజ్‌లు పెరుగుతాయి, పెరిగితే వచ్చే ఏడాదికి ఆ టీమ్‌ని విడగొట్టక తప్పదు. ప్రేమగా చూసుకున్న రైడర్ పక్క ఊరి జెర్సీ వేసుకుని వస్తే ఎవరికైనా బాధే, అయినా ఈ పరిమితి ఉండాల్సిందే, డబ్బున్న ఇద్దరు ప్రమోటర్లు మంచివాళ్లందర్నీ పట్టుకుపోతే ఇక లీగే ఉండదు. మాకు మింగుడుపడనిది గెస్ట్ రైడర్ల పద్ధతి. పోలండ్, స్వీడన్ లీగులతో తేదీలు కుదరకో, దెబ్బ తగిలో మన రైడర్ రాకపోతే వేరే టీమ్ రైడర్‌ని ఒక్క రాత్రికి తెచ్చుకుంటారు, రేసు బాగానే ఉంటుంది, కానీ పోయిన వారం మనల్ని ఓడించినవాడు ఇవాళ మన కోసం పాయింట్లు తెస్తుంటే దానికి గొంతు చించుకుని అరవడం ఎలా?

మాంచెస్టర్‌లో, లెస్టర్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లు చాలామందే, ఊళ్లో స్పీడ్‌వే ఉందని తెలియనివాళ్లు ఎంతమందో. వాళ్లలో ఒకరు మొదటిసారి వస్తే ఏ టీమ్‌దీ జెర్సీ ఉండదు, స్కోరు పట్టింపు ఉండదు, కళ్లముందు జరిగే రేసు ఒక్కటే ఉంటుంది. కొత్తవాళ్లు ఎవరైనా అంతే.

ఇక చేయాల్సింది. ఈ రూల్స్ అన్నీ ప్రమోటర్లే కూర్చుని రాసుకుంటారు, ఒక్కొక్కరికీ తన టీమ్ ఉంది కాబట్టి ట్రాక్ విషయంలో ఒకర్నొకరు గట్టిగా అడగరు. రిఫరీ ఇప్పటికే మ్యాచ్‌కి ముందు ట్రాక్ సేఫా కాదా చూస్తాడు, బయటి గీతలో షేల్ ఉందా, నీళ్లు సరిపడా కొట్టారా అని కూడా చూసి రాయమనండి, ఆ రిపోర్టు జనానికి కనపడేలా పెట్టండి. హీట్ల మధ్య ట్రాక్టర్ దించి షేల్ సరిచేయడం (గ్రేడింగ్) మానేసి టైమ్ మిగుల్చుకోవాలని తొందరపడే క్లబ్బుల పేర్లు కూడా అందులోనే ఉండాలి. సీజన్‌లో మూడుసార్లు చెడ్డ రిపోర్టు వస్తే లీగ్ పాయింట్ ఒకటి కోసేయాలి, వచ్చే శీతాకాలం ప్రమోటర్ల మీటింగ్‌లోనే ఇది ఓటుకి రావాలని మేము కోరుతున్నాం.